ముందు తేదీ, తర్వాతే మందు

పసిబిడ్డ ఒంటి మీద ఎర్రగానో ఊదాగానో ఉబ్బిన గడ్డను చూపిస్తే, ఈ జబ్బులు బాగా తెలిసిన డాక్టరు స్కానింగ్ రాసే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. “ఇది పుట్టినప్పుడే ఉందామ్మా, తర్వాత వచ్చిందా?” ఉందంటే అప్పుడెంత ఉండేది, ఇప్పుడెంతయింది, మధ్యలో రంగు మారిందా, గట్టిపడిందా అని ఒక్కొక్కటే అడుగుతారు. తల్లి చెప్పే జవాబులోనే సగం రోగనిర్ణయం ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉండే మూడు గడ్డల్లో ఒకటి ఏడాది తిరిగేసరికి తనంతట తానే కరిగిపోవచ్చు. ఇంకొకటి బిడ్డతో పాటే పెరిగి జీవితాంతం ఉండిపోవచ్చు. మూడోది కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు. మొదటిదాన్ని తొందరపడి కోస్తే అన్యాయం, మూడోదాన్ని చూద్దాంలే అని వదిలేస్తే ఘోరం. ఏది ఏదో తేల్చేది ముందుగా దాని పుట్టుక తేదీ, ఆ తర్వాత అది నడిచిన తీరు.

ముందు అందరూ ఎరిగిన గడ్డ సంగతి చూద్దాం. నూటికి నాలుగైదుగురు పసిపిల్లల్లో కనిపించేది ఇన్‌ఫాంటైల్ హెమాంజియోమా. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో ఎక్కువ. పుట్టిన రోజున ఇది ఉండదు. ఉన్నా పాలిపోయిన మచ్చలాగో, సన్నటి ఎర్ర గీతల్లాగో ఉంటుంది. రెండు మూడు వారాలకు పైకి తేలుతుంది, రెండో నెలలో పరుగు పెడుతుంది. మూడు నెలలు నిండేసరికి తన చివరి పరిమాణంలో దాదాపు ఎనభై శాతానికి చేరుకుంటుంది. తర్వాత నెమ్మదించి, ఏళ్ల మీద తగ్గుతూ పోతుంది. కంటిరెప్ప మీదో, పెదవి మీదో, ముక్కు కొసనో, శ్వాసనాళంలోనో వచ్చినప్పుడు మాత్రం ఆగి చూడకూడదు. అందుకే అలాంటి బిడ్డను నెల నిండేలోపే నిపుణులకు చూపించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో చెప్పింది.

దీనికి ఇప్పుడు వాడే మందు అనుకోకుండా దొరికింది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లెయోతె-లాబ్రెజ్ అనే చర్మవైద్యురాలి బృందం ముక్కు మీద హెమాంజియోమా ఉన్న ఒక బిడ్డకు స్టెరాయిడ్లు ఇస్తోంది. ఆ స్టెరాయిడ్ల వల్ల బిడ్డ గుండె కండరం మందమైంది. గుండె కోసం ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. అది బీపీకీ గుండెదడకీ పెద్దలు దశాబ్దాలుగా వాడుతున్న మాత్రే. మర్నాటికే గడ్డ రంగు ఎరుపు నుంచి ఊదాకు మారి మెత్తబడింది. ఆ పరిశీలన 2008లో ప్రచురితమైంది. 2015లో 460 మంది శిశువుల మీద జరిగిన పరీక్షలో, కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు మందు వాడినవాళ్లలో అరవై శాతం మందికి గడ్డ పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో అలా పోయింది నాలుగు శాతం మందికే. అయితే ఈ మందు రక్తంలో చక్కెర పడిపోయేలా చేయగలదు. కడుపుకు పాలు పట్టాకే ఇవ్వాలి. బిడ్డ పాలు తాగని రోజున ఇవ్వకూడదు.

ఇంత మంచి మందు చేతికి వచ్చాక ఒక కొత్త చిక్కు వచ్చింది. ఎర్రగడ్డ కనిపిస్తే చాలు ప్రొప్రనొలాల్ మొదలుపెట్టే అలవాటు ప్రబలింది. ఇక ముందు చెప్పబోయే అరుదైన గడ్డలకు ఈ మందు నమ్మదగింది కాదు. పని చేస్తుందేమోనని ఎదురుచూసే వారాలే కొందరు బిడ్డలకు ముప్పు.

1982లో బోస్టన్‌లో జాన్ మల్లికెన్, జూలీ గ్లొవాకీ ఈ గడ్డల్ని కణాల నడతను బట్టి విడదీశారు. రక్తనాళాల లోపలి పొర కణాలు విపరీతంగా విభజన చెంది పెరిగేవి కణితులు. నాళాల అల్లికలోనే తేడా ఉండి బిడ్డతో పాటు సాగేవి నిర్మాణ లోపాలు. అప్పటిదాకా కంటికి కనిపించే రూపాన్ని బట్టి అన్నింటినీ హెమాంజియోమా అనే ఒక్క మూటలో కట్టేవారు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ చాలా ఓపీ చీటీల మీద ఆ ఒక్క మాటే ఉంటుంది. దానితో బిడ్డకు ఏమీ తేలదు.

అరుదైనవాటిలో మొదటిది పుట్టుకతో వచ్చే హెమాంజియోమా. పేరులో హెమాంజియోమా ఉన్నా, పైన చెప్పినదానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది తల్లి కడుపులోనే పెరుగుతుంది. కొన్నిసార్లు ఐదో నెల టిఫా స్కాన్‌లోనో, ఆ తర్వాతి స్కాన్‌లోనో బిడ్డ తల మీద, చేతి మీద, కాలి మీద గడ్డలా కనిపించి ఇంటిల్లిపాదినీ కలవరపెడుతుంది. బిడ్డ బయటికి వచ్చేనాటికి దాని పెరుగుదల అయిపోయి ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. పైన సన్నటి రక్తనాళాలు తీగల్లా అల్లుకుని ఉంటాయి, చుట్టూ పాలిపోయిన అంచు ఉంటుంది. ఆడా మగా తేడా లేదు. సూక్ష్మదర్శినిలో కూడా తేడా తెలుస్తుంది. ఇన్‌ఫాంటైల్ హెమాంజియోమా కణాల మీద గ్లట్-1 అనే ప్రొటీన్ తప్పనిసరిగా ఉంటుందని 2000లో పౌలా నార్త్ బృందం చూపించింది. మాయలోని రక్తనాళాల్లో కనిపించే ప్రొటీనే అది. పుట్టుకతో వచ్చే హెమాంజియోమాలో అది ఉండదు.

ఇందులో మళ్లీ మూడు దారులున్నాయి. ఒకటి త్వరగా కరిగిపోయేది, డాక్టర్లు పొట్టిగా రిచ్ అంటారు. పుట్టిన కొద్ది రోజులకో వారాలకో తగ్గడం మొదలై, ఆరు నెలల నుంచి పద్నాలుగు నెలల లోపు దాదాపు పోతుంది. గడ్డ ఉన్న చోట చర్మం పలచబడి, కింది కొవ్వు పోయి, చిన్న గుంట మిగులుతుంది. రెండోది నిచ్. అది తగ్గదు. బిడ్డ ఎంత పెరిగితే ఆ లెక్కన తానూ పెరుగుతుంది. ఇబ్బంది పెట్టినా, చూపుకు బాధనిపించినా తర్వాత ఆపరేషన్ చేసి తీసేయవచ్చు, తొందర లేదు. మూడోది కొంత తగ్గి అక్కడే ఆగిపోతుంది. పుట్టిన రోజున ఈ మూడింటినీ కంటితో విడదీయడం ఎవరివల్లా కాదు. నెలల పాటు గమనించడమే పరీక్ష.

ఇక్కడే ఫొటోల విలువ తెలుస్తుంది. పుట్టిన రోజున పక్కన ఒక స్కేలు పెట్టి ఒక ఫొటో, వారం వారం అదే వెలుతురులో మరొకటి తీసి ఉంచితే, రెండు నెలలకు ఆ వరుస చూసిన డాక్టరుకు దారి చాలావరకు తెలిసిపోతుంది. ఫోన్ లేని ఇల్లు అరుదైన ఈ రోజుల్లో ఇది ఖర్చులేని పని. ప్రసవాల వార్డులోనే నర్సమ్మలు ఈ మాట చెబితే ఎంత మేలో!

రిచ్ అని తెలిస్తే నిశ్చింత అని కాదు. పెద్ద గడ్డలోకి రక్తం వేగంగా పోటెత్తుతుంది. డాప్లర్ స్కానింగ్‌లో ఆ ఉధృతి కనిపిస్తుంది. ఆ అదనపు రక్తాన్ని తోడిపోయలేక నవజాత శిశువు గుండె అలసిపోవచ్చు. గడ్డ నడుమ పుండుపడి, రక్తం ధారగా కారవచ్చు. మొదటి వారాల్లో ప్లేట్‌లెట్లు కొద్దిగా తగ్గి, వాటంతట అవే కోలుకోవచ్చు. గుండె ఫెయిలైతే మందులు, అవీ చాలకపోతే గడ్డకు వెళ్లే నాళాన్ని లోపలి నుంచి మూసేసే ఎంబోలైజేషన్, చివరికి ఆపరేషన్. ఇలాంటి బిడ్డలు కొందరే. మిగిలినవాళ్లకు ఓపికే వైద్యం.

2016లో తేలిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పుట్టుకతో వచ్చే హెమాంజియోమాల కణాల్లో జీఎన్ఏక్యూ, జీఎన్ఏ11 అనే జన్యువుల్లో 209వ స్థానంలో మార్పు ఉంటుందని పరిశోధకులు కనుక్కున్నారు. ముఖం మీద ద్రాక్షసారా రంగులో పుట్టుకతో ఉండే మచ్చకూ కారణం జీఎన్ఏక్యూలోని మార్పే, కాని అది 183వ స్థానంలోది. ఇంకా విచిత్రం, కరిగిపోయే రిచ్‌లోనూ కరగని నిచ్‌లోనూ దొరికింది ఆ 209వ స్థానపు మార్పే. ఒకే తప్పు ఒక బిడ్డలో ఏడాదికే ఎందుకు మాసిపోతుందో, ఇంకో బిడ్డలో ఎందుకు నిలిచిపోతుందో ఆ మార్పు ఒక్కటే చెప్పలేదు.

ఈ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో రాదు. పిండం పెరుగుతుండగా ఏదో ఒక్క కణంలో జరిగి, ఆ కణం సంతతికే పరిమితమవుతుంది. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం మన ఇళ్లలో ఉంది. గ్రహణం వేళ బయటికి వచ్చిందనీ, ఆ సమయంలో ఏదో ముట్టుకుందనీ బాలింతను నిలదీసే అత్తలూ, అమ్మమ్మలూ ఇంకా ఉన్నారు. గ్రహణానికీ గడ్డకూ సంబంధం లేదు. ఆమె తిన్నదానికీ, చేసిన పనికీ సంబంధం లేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న తల్లికి మందుకన్నా ముందు అందాల్సింది ఈ మాట.

ఇక భయపడాల్సిన గడ్డ. 1940లో న్యూయార్క్‌లో కాసబాక్ అనే రేడియాలజిస్టు, కాథరిన్ మెరిట్ అనే పిల్లల వైద్యురాలు ఒక మగశిశువు కథ ప్రచురించారు. ఎడమ తొడ మీద ఎర్రని మచ్చలా మొదలై, కాలంతా, ఆపై పొట్ట మీదికీ ఛాతీ మీదికీ పాకింది. ఒంటి నిండా కమిలిన మచ్చలు. రక్తంలో ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోయాయి. అప్పటి నుంచి ఈ ఉపద్రవాన్ని వాళ్లిద్దరి పేరుతోనే పిలుస్తున్నారు. హెమాంజియోమా పెద్దదైతే ఇలా అవుతుందని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు రాశాయి, తరతరాల డాక్టర్లు అదే చదువుకున్నారు. 1997లో పారిస్‌లో ఒదీల్ ఆంజోల్రా బృందం, బోస్టన్‌లో మల్లికెన్ బృందం విడివిడిగా పాత కేసుల్ని తిరగేసి చూస్తే, ఆ పిల్లల్లో ఉన్నది మామూలు హెమాంజియోమా కానే కాదు. కపోసిఫామ్ హెమాంజియోఎండోథీలియోమా అనే వేరే కణితి, లేదా దానికి తమ్ముడి వరసైన టఫ్టెడ్ ఆంజియోమా. యాభై ఏడేళ్ల పాటు నేరం ఒకరిది, పేరు మరొకరిది. అందులో నష్టపోయింది పిల్లలు.

ఈ కణితి ఎంత అరుదంటే, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు లెక్కలో లక్ష మంది పిల్లల్లో ఒక్కరికి కూడా సరిగ్గా రాలేదు. అక్కడి 107 మంది రోగుల్ని పరిశీలిస్తే పదిమందిలో ఏడుగురికి ప్లేట్‌లెట్లు పడిపోయే ఉపద్రవం వచ్చింది. గడ్డ గట్టిగా, చెక్కలా ఉంటుంది. చర్మం కమిలినట్టు ఊదారంగులో నిగనిగలాడుతుంది. అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. ఎంఆర్‌ఐ తీస్తే చర్మం, కొవ్వు, కండరం అనే హద్దులు చూడకుండా అన్నింట్లోకీ పాకి కనిపిస్తుంది. కొందరిలో చర్మం మీద ఏమీ కనిపించకుండా పొట్టలోనో ఛాతీలోనో దాగి ఉంటుంది. టఫ్టెడ్ ఆంజియోమా అయితే పలచని మచ్చలా ఉండి, పైన సన్నటి వెంట్రుకలు మొలవవచ్చు, అక్కడే చెమట పట్టవచ్చు, ముడితే బిడ్డ ఏడవవచ్చు.

ప్రమాదం ముంచుకొచ్చే రోజు గుర్తులు వేరు. నిన్నటి గడ్డ ఇవాళ ఒక్కసారి ఉబ్బి, బిగుసుకుని, నల్లబడుతుంది. చుట్టూ కమిలిన మచ్చలు, దూరంగా చర్మం మీద సూది గుచ్చినంత ఎర్ర చుక్కలు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పాతికవేలకీ, ఇంకా కిందికీ జారతాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజన్ కూడా అడుగంటుతుంది. దీనికి కారణం కణితి లోపలి నాళాల తత్వం. వాటి గోడల కణాలు రక్తనాళాలకన్నా లింఫు నాళాల కణాల్ని పోలి ఉంటాయి. వాటి మీద పోడోప్లానిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని తాకగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా ఒంట్లోని ప్లేట్‌లెట్లన్నీ గడ్డలో ఇరుక్కుని ఖర్చయిపోతాయి.

సంఖ్య చూసి భయపడ్డ డాక్టరు సహజంగానే ప్లేట్‌లెట్లు ఎక్కించమంటారు. డెంగీ సీజన్లలో ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం పరుగులు పెట్టిన మన కుటుంబాలు కూడా అదే కోరతాయి. ఇక్కడ అది అగ్గికి ఆజ్యం. ఎక్కించినవన్నీ మళ్లీ గడ్డలోనే చిక్కుకుని, అది మరింత ఉబ్బుతుంది. రక్తస్రావం కళ్లముందు జరుగుతున్నప్పుడో, ఆపరేషన్ తప్పనప్పుడో తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించకూడదు. సంఖ్యను బాగుచేయాలంటే గడ్డను అణచాలి. ఈ ఒక్క విషయం తెలిసిన ఆసుపత్రికీ తెలియని ఆసుపత్రికీ మధ్య తేడా బిడ్డ ప్రాణమంత.

అణచే మందుల చరిత్ర కూడా చెప్పుకోదగ్గది. స్టెరాయిడ్లకు తోడుగా చాలాకాలం విన్‌క్రిస్టిన్ వాడారు. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన క్యాన్సర్ మందది. వారానికోసారి పెద్ద రక్తనాళంలోకి ఎక్కించాలి, అందుకోసం పసికందుకు ప్రత్యేకంగా గొట్టం అమర్చాలి. 2010 నుంచి సైరోలిమస్ రంగంలోకి వచ్చింది. 1964లో కెనడా బృందం ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవి నుంచి మట్టి నమూనాలు తెచ్చింది. ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్‌లో ఈ పదార్థాన్ని వేరుచేసిన బృందానికి సారథి సురేంద్రనాథ్ సెహ్‌గల్. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివిన మనవాడు. 1980ల మొదట్లో కంపెనీ ఆ ప్రయోగశాలను మూసేసి పరిశోధనను ఆపేస్తే, ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్లో దాచి కాపాడాడు. 1999లో అమెరికాలో కిడ్నీ మార్పిడి రోగుల కోసం ఆమోదం పొందిన ఆ మందు, కణాల పెరుగుదలను నడిపించే ఎంటార్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. ఈ కణితిలో అదుపు తప్పేదీ ఆ దారే. నోటి ద్వారా వేసే చుక్కలు, ఇంటి దగ్గరే వేయొచ్చు.

ఎంత బలంగా పనిచేస్తుందో 2022లో చైనా డాక్టర్లు చూపించారు. ప్లేట్‌లెట్ల ఉపద్రవం వచ్చిన 73 మంది పిల్లల్లో కొందరికి సైరోలిమస్ ఒక్కటే, కొందరికి దానితో పాటు కొద్దికాలం ప్రెడ్నిసలోన్ ఇచ్చారు. నాలుగు వారాలకు రెండూ కలిపి వాడిన 37 మందిలో 35 మందికి ప్లేట్‌లెట్లు కోలుకుని నిలబడ్డాయి. సైరోలిమస్ ఒక్కటే వాడిన 36 మందిలో 24 మందికి. ఇంత అరుదైన జబ్బుకు ఇలా చీట్లు తీసినట్టు విడదీసి పరీక్షించడం మామూలు శ్రమ కాదు.

ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. రక్తంలో మందు మోతాదును తరచూ కొలవాలి. ఊపిరితిత్తులకు ఒక రకం న్యుమోనియా రాకుండా ముందుజాగ్రత్తగా ఇంకో మందు కలుపుతారు. జ్వరమొస్తే ఆ రోజే చూపించాలి. మన టీకాల కార్డు సంగతి ఇక్కడ మరిచిపోకూడదు. బీసీజీ, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు, తొమ్మిదో నెల తట్టు-రుబెల్లా టీకా, ఇవన్నీ బతికున్న సూక్ష్మజీవితో చేసినవి. సైరోలిమస్‌గానీ, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లుగానీ వాడుతున్న బిడ్డకు వీటిని ఆపాలి. సూదితో ఇచ్చే మిగతా టీకాల విషయం డాక్టరు చూసి చెబుతారు. అందుకే ఏఎన్ఎం గారికి, ఆశా కార్యకర్తకు బిడ్డ వాడుతున్న మందు చీటీ తప్పకుండా చూపించాలి. టీకా వేసే సూది గడ్డ ఉన్న తొడకు కాక రెండో తొడకు వేయించుకోవాలి.

బయాప్సీ ఎప్పుడు చేయాలన్నది పెద్ద చర్చ. ప్లేట్‌లెట్లు అడుగంటిన బిడ్డ గడ్డను కోయడమంటే రక్తస్రావాన్ని పిలవడమే. లక్షణాలు, రక్తపరీక్షలు, ఎంఆర్‌ఐ మూడూ ఒకే మాట చెబితే బయాప్సీ లేకుండానే మందు మొదలుపెడతారు. మరి బయాప్సీ ఎందుకు కావాలి? పుట్టుకతోనే ఊదారంగులో, రక్తనాళాలు ఉబికి కనిపించే ఫైబ్రోసార్కోమా అనే క్యాన్సర్ ఒకటి అచ్చం ఇలాగే ఉండి మోసగిస్తుంది కాబట్టి. చాలామందిలో దానికి మూలం రెండు జన్యువులు ఒకదానితో ఒకటి అతుక్కోవడం. 1998లో ఆ సంగతి తెలిసింది. ఆ అతుకును గురిపెట్టే లారోట్రెక్టినిబ్ అనే మందుకు 2018లో అమెరికాలో ఆమోదం వచ్చింది. కాబట్టి గడ్డ అనుకున్న దారిలో నడవకపోతే, రిచ్ అన్నది తగ్గాల్సిన వేళ పెరిగితే, డాప్లర్ చెప్పేది ఒకటీ కంటికి కనిపించేది ఇంకోటీ అయితే, చిన్న ముక్క తీసి చూడటమే న్యాయం. పిల్లల సర్జన్, చర్మవైద్యులు, రేడియాలజిస్టు, రక్తవ్యాధుల నిపుణులు, పాథాలజిస్టు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే చోటికి బిడ్డను తీసుకెళ్లడం మంచిది. ఒక్కరే తేల్చగల జబ్బు కాదిది.

ఇంటి దగ్గర కొన్ని మానుకోవాలి. లాలపోసేటప్పుడు గడ్డ మీద నలుగు పెట్టి రుద్దకూడదు, ఒత్తి కరిగించాలని చూడకూడదు. పసరు కట్లు వద్దు. వాతలు పెట్టించడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది, ఈ గడ్డల మీద వాత పెడితే పుండై, రక్తం ఆగకపోవచ్చు. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాలి.

కపోసిఫామ్ గడ్డ తగ్గినా పూర్తిగా పోదు. ప్లేట్‌లెట్లు మామూలు స్థితికి వచ్చి ఏడాది దాటాక కూడా, మందు తొందరపడి ఆపితే కొందరిలో మళ్లీ ఉబ్బుతుంది. అందుకే నెలల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపుతారు. తర్వాతి ఏళ్లలో గడ్డ ఉన్న కాలు నొప్పెట్టవచ్చు, కీలు బిగుసుకుని మోకాలు పూర్తిగా చాచలేకపోవచ్చు. నడక నేర్చే వయసులో ఒకసారి, బడికి వెళ్లే వయసులో ఇంకొకసారి కీళ్ల కదలికను పరీక్షించి, అవసరమైతే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. పుట్టిన రోజు నుంచి దాచిన ఫొటోలు, రక్తపరీక్షల కాగితాలు, మందు మోతాదు మార్చిన తేదీలు ఒకే ఫైలులో ఉంచి ప్రతిసారీ వెంట తీసుకెళ్తే, అక్కడ కొత్తగా చేరిన డాక్టరు కూడా ఆ బిడ్డ కథను మొదటి పేజీ నుంచి చదువుకోగలుగుతారు.